లాగిన్: బహుళ వినియోగదారుల కంప్యూటర్‌లోకి ప్రవేశం

ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే వ్యవస్థలో ఒక వ్యక్తి తన పేరు చెప్పి, ఆ పేరు తనదేనని రుజువు చేసుకుని, తనకున్న హక్కుల మేరకు పని మొదలుపెట్టే ప్రక్రియను లాగిన్ అంటారు. పని ముగించుకుని బయటికి రావడం లాగౌట్. ఈ రెండింటి మధ్య కాలం సెషన్. లాగిన్‌లో మూడు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. యూజర్ నేమ్ తెలపడం గుర్తింపు. పాస్‌వర్డ్, తాళంచెవి ఫైలు, వేలిముద్ర వంటి వాటితో దాన్ని నిరూపించడం ధ్రువీకరణ. ఆ మనిషి ఏ ఫైళ్లు చూడవచ్చు, ఏ ప్రోగ్రాములు నడపవచ్చు అని తేల్చడం అధికార నిర్ణయం. వాడుకలో మూడింటినీ ఒకే మాటతో పిలుస్తున్నా, వ్యవస్థలో వాటిని చేసే భాగాలు వేరు, అవి విఫలమయ్యే తీరూ వేరు.

ఈ వ్యాసం ప్రధానంగా యూనిక్స్‌ను, దాని బాటలో వచ్చిన లినక్స్, బీఎస్‌డీ వ్యవస్థలను ఆధారం చేసుకుంటుంది. లాగిన్ రహస్యాలను ఎక్కడ, ఎలా దాచాలన్న ప్రశ్నపై అర్ధశతాబ్దపు బహిరంగ చర్చ జరిగింది ఈ వ్యవస్థల చుట్టూనే.

ఖాతా

లాగిన్ కావాలంటే ముందుగా ఖాతా ఉండాలి. యూనిక్స్‌లో ఖాతాల పట్టిక ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. దీన్ని పాస్‌వర్డ్ ఫైలు అంటారు. ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస, వరుసలో కోలన్లతో విడదీసిన ఏడు గడులు ఉంటాయి. అవి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ స్థానం, వినియోగదారు సంఖ్య, గ్రూపు సంఖ్య, పూర్తి పేరు వంటి వివరాలు, హోమ్ డైరెక్టరీ, లాగిన్ కాగానే నడవాల్సిన, ఆదేశాలు అందుకునే ప్రోగ్రామైన షెల్.

వీటిలో వ్యవస్థ కేంద్రభాగమైన కెర్నెల్‌కు కావలసింది సంఖ్యలే. పేర్లతో దానికి పని లేదు. రెండు వేర్వేరు పేర్లకు ఒకే వినియోగదారు సంఖ్య ఇస్తే కెర్నెల్ దృష్టిలో ఆ ఇద్దరూ ఒక్కరే. సంఖ్య 0 ఉన్న ఖాతాకు అన్ని హక్కులూ ఉంటాయి. దాని పేరు ఆనవాయితీగా రూట్. ఇప్పటి లినక్స్‌లలో మనుషుల ఖాతాలకు సాధారణంగా 1000 నుంచి సంఖ్యలు ఇస్తారు. అంతకన్నా చిన్న సంఖ్యలు మెయిల్, ప్రింటింగ్, వెబ్ సర్వర్ వంటి సేవల ఖాతాలకు వెళ్తాయి. సేవల ఖాతాలతో మనుషులెవరూ లోపలికి రాకుండా, షెల్ ఉండాల్సిన గడిలో ప్రవేశాన్ని తిరస్కరించి ముగిసిపోయే చిన్న ప్రోగ్రామును పెడతారు.

ఆరంభ చరిత్ర

తొలి కంప్యూటర్లకు లాగిన్ అవసరం రాలేదు. పంచ్ కార్డుల కట్టను ఆపరేటర్ చేతికిచ్చి ఫలితం కోసం ఎదురుచూసే రోజుల్లో ఒక సమయంలో యంత్రంపై ఒకరి పనే నడిచేది. టైమ్-షేరింగ్ వచ్చాక పరిస్థితి మారింది. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో నాయకత్వాన రూపొందిన సీటీఎస్ఎస్ అనే టైమ్-షేరింగ్ వ్యవస్థను 1961 నవంబరులో ప్రదర్శించారు. ఎవరి టెర్మినల్ ముందు వారు కూర్చుని ఒకే యంత్రాన్ని వాడుకోవడంతో, ఎవరి ఫైళ్లు వారివిగా ఉంచడానికీ ఒక్కొక్కరికి కేటాయించిన యంత్రకాలాన్ని లెక్కగట్టడానికీ పేరు, పాస్‌వర్డ్ తప్పనిసరి అయ్యాయి.

ఆ పాస్‌వర్డ్‌లను ఒక ఫైలులో ఉన్నవి ఉన్నట్టే రాసి ఉంచారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన యంత్రకాలం చాలక, ఆ ఫైలును ముద్రించమని పంచ్ కార్డు ద్వారా కోరి అందరి పాస్‌వర్డ్‌లూ సంపాదించారు. చాలా ఏళ్ల తర్వాత ఆయనే ఈ సంగతి వెల్లడించారు. 1966లో అంతకన్నా పెద్ద పొరపాటు జరిగింది. టెక్స్ట్ ఎడిటర్ తన తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు వాడేది. ఒక డైరెక్టరీలో ఒకరే పనిచేస్తారన్న అంచనాతో దాన్ని అలా రాశారు. ఇద్దరు నిర్వాహకులు ఒకే డైరెక్టరీలో ఒకరు పాస్‌వర్డ్ ఫైలును, మరొకరు ఆనాటి ప్రకటనను ఒకేసారి సరిదిద్దుతుండగా ఆ రెండూ తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతి ఒక్కరి టెర్మినల్ మీదా ఆనాటి ప్రకటన స్థానంలో అందరి పేర్లు, పాస్‌వర్డ్‌లు వచ్చాయి. 1990 ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో కార్బటో ఈ ఘటనను వివరించారు.

పాస్‌వర్డ్ ఫైలు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, బయటపడినా నష్టం లేకుండా ఉండాలి అన్న ఆలోచనకు ఇంగ్లండ్‌లో రూపం వచ్చింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు టైటన్ కంప్యూటర్ కోసం రోజర్ నీడమ్ ఏకదిశా ప్రమేయాన్ని వాడారు. పాస్‌వర్డ్‌ను కాక, దాన్ని గణితపరంగా మార్చగా వచ్చిన ఫలితాన్ని (హ్యాష్) మాత్రమే యంత్రంలో భద్రపరుస్తారు. వినియోగదారు పాస్‌వర్డ్ టైప్ చేసినప్పుడు దాన్నీ అలాగే మార్చి, రెండు ఫలితాలనూ పోలుస్తారు. ఫలితం నుంచి వెనక్కి వెళ్లి పాస్‌వర్డ్‌ను రాబట్టే దారి ఉండదు. మారిస్ విల్క్స్ 1968లో ప్రచురించిన టైమ్-షేరింగ్ గ్రంథం ద్వారా ఈ పద్ధతి లోకానికి తెలిసింది. నేటి పాస్‌వర్డ్ నిల్వ పద్ధతులన్నీ దీని విస్తరణలే.

పాస్‌వర్డ్‌ను భద్రపరిచే పద్ధతి

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ ఈ మార్గాన్నే అనుసరించింది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ కలిసి 1979లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మూలస్తంభం. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 2,831 సులువుగా దొరికిపోయేవేనని, అంటే 86 శాతం అని అందులో చూపారు. వాటిలో ఒకే అక్షరం ఉన్నవి 15, రెండక్షరాలవి 72. మనుషులు పెట్టుకునే పాస్‌వర్డ్‌ల స్వభావాన్ని ఊహతో కాక లెక్కతో చెప్పడం ఆ వ్యాసం విలువ.

వారి పరిష్కారంలో రెండు భాగాలున్నాయి. మొదటిది లెక్కను ఉద్దేశపూర్వకంగా నెమ్మది చేయడం. అప్పటి అమెరికా ప్రభుత్వ సాంకేతిక లిపి ప్రమాణమైన డీఈఎస్‌ను కొద్దిగా మార్చి వరుసగా 25 సార్లు నడిపారు. లాగిన్ అయ్యే మనిషికి ఆ ఆలస్యం తెలియదు. లక్షల మాటలను ఒక్కొక్కటిగా ప్రయత్నించేవాడికి మాత్రం అది పెద్ద భారం. రెండోది సాల్ట్. పాస్‌వర్డ్ పెట్టుకునే సమయంలో యాదృచ్ఛికంగా ఎంచిన 12 బిట్ల సంఖ్యను లెక్కలో కలుపుతారు. దాంతో ఒకే పాస్‌వర్డ్‌కు 4,096 వేర్వేరు ఫలితాలు సాధ్యమవుతాయి. ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఆ సంగతి ఫైలు చూస్తే తెలియదు. నిఘంటువులోని మాటలన్నిటికీ ముందుగానే ఫలితాలు కట్టి పెట్టుకోవడం కూడా ఖరీదైన పని అవుతుంది. సాల్ట్ రహస్యం కాదు, ఫలితం పక్కనే బహిరంగంగా ఉంటుంది. ఈ విషయంలో అపోహ ఎక్కువ కనుక ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది.

ఆ పద్ధతి మొదటి ఎనిమిది అక్షరాలనే లెక్కలోకి తీసుకునేది. యంత్రాల వేగం పెరిగేకొద్దీ అది బలహీనపడింది. 1994లో ఫ్రీబీఎస్‌డీ కోసం పాల్-హెన్నింగ్ కాంప్ ఎండీ5 ఆధారిత పద్ధతి రాశారు. 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మజియేర్ బీక్రిప్ట్‌ను ప్రకటించారు. అందులో లెక్క భారాన్ని నిర్వాహకుడే పెంచుకోవచ్చు. యంత్రాలు వేగం పుంజుకుంటే ఒక సంఖ్య మార్చితే చాలు. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 సమయంతో పాటు మెమరీని కూడా పెద్ద మొత్తంలో వాడుతుంది. వేలాది లెక్కలను ఒకేసారి చేసే గ్రాఫిక్స్ చిప్‌లకు పగ్గం వేయడం దాని లక్ష్యం.

మరో సమస్య ఫైలు ఉన్న చోటుకు సంబంధించింది. ఫైళ్ల జాబితాలో సంఖ్యలకు బదులు యజమానుల పేర్లు చూపాలంటే ప్రతి ప్రోగ్రామూ పాస్‌వర్డ్ ఫైలును చదవాలి. కాబట్టి అది అందరికీ చదవడానికి వీలుగా ఉండేది, అందులోని హ్యాష్‌లు కూడా అందరికీ కనిపించేవి. 1980ల చివర హ్యాష్‌లను రూట్ మాత్రమే చదవగల షాడో ఫైలులోకి మార్చారు. పాత ఫైలులో ఆ గడి మిగిలింది కానీ అందులో ఎక్స్ అనే ఒక్క అక్షరమే ఉంటుంది. షాడో ఫైలులో తొమ్మిది గడులున్నాయి. హ్యాష్‌తో పాటు పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన రోజు, ఎన్నాళ్లకు మార్చాలి, ఖాతా గడువు వంటివి అందులో ఉంటాయి.

తెలుగు లిపిలో పాస్‌వర్డ్

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునేవారికి పై వివరాలు నేరుగా వర్తిస్తాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. పాత యూనిక్స్ పద్ధతి ఎనిమిది బైట్లకే పరిమితం కనుక అందులో మొదటి రెండు గుర్తులే పూర్తిగా లెక్కకు వచ్చేవి. ఉదాహరణకు రా అక్షరంతో మొదలయ్యే పాస్‌వర్డ్‌లో ర, దానికి దీర్ఘం, అంతటితో సరి. బీక్రిప్ట్ పరిమితి 72 బైట్లు, అంటే 24 తెలుగు గుర్తులు. గుణింతాలు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక ఒక వాక్యమంత పాస్‌వర్డ్‌లో చివరి భాగం చాలాసార్లు లెక్కలోకే రాదు.

రెండో చిక్కు ఐత్వానిది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి, బైట్లు మాత్రం వేరు. ఒక్క బైటు తేడా ఉన్నా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది కాబట్టి ఒక కీబోర్డుతో పెట్టుకున్న పాస్‌వర్డ్ మరో కీబోర్డుతో చెల్లకపోవచ్చు. ఇలాంటి వాటిని హ్యాష్ చేయకముందే ఒకే రూపానికి తేవాలని 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 8265 చెబుతోంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా చేర్చే కనిపించని విభజన సంకేతం మాత్రం ఈ ఏకరూపీకరణతో తొలగిపోదు. యూజర్ నేమ్ విషయంలో లినక్స్ ఉపకరణాలు ఇంకా కఠినంగా ఉంటాయి. సాధారణ అమరికలో వాటిలో చాలావరకు రోమన్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులనే అనుమతిస్తాయి. తెలుగు పేరు పూర్తి పేరు గడిలో రాసుకోవచ్చు.

టెర్మినల్ నుంచి లాగిన్: లోపల జరిగేది

సంప్రదాయ యూనిక్స్‌లో ఈ పని మూడు ప్రోగ్రాముల చేతులు మారుతుంది. యంత్రం మొదలయ్యాక ప్రాసెస్ సంఖ్య 1తో నడిచే ఇనిట్, ప్రతి టెర్మినల్ లైనుకూ గెట్టీ అనే ప్రోగ్రామును పుట్టిస్తుంది. గెట్టీ ఆ లైనును తెరిచి, వేగం సరిచేసి, లాగిన్ అన్న మాట చూపి పేరు కోసం ఎదురుచూస్తుంది. ఫోన్ లైను మీదుగా వచ్చేవారి టెర్మినల్ ఏ వేగంతో పనిచేస్తుందో ముందుగా తెలిసేది కాదు. తెరపై అర్థం కాని అక్షరాలు వస్తే బ్రేక్ మీట నొక్కేవారు, గెట్టీ తర్వాతి వేగానికి మారి మళ్లీ అడిగేది. పేరంతా పెద్ద అక్షరాల్లో టైప్ చేస్తే, అవతల ఉన్నది టెలిటైప్ మోడల్ 33 వంటి చిన్న అక్షరాలు లేని యంత్రమని భావించి, వచ్చే అక్షరాలన్నిటినీ చిన్నవిగా మార్చేది.

పేరు అందాక గెట్టీ తన స్థానంలోకి లాగిన్ ప్రోగ్రామును తెచ్చుకుంటుంది. కొత్త ప్రాసెస్ పుట్టదు, అదే ప్రాసెస్‌లో ప్రోగ్రాము మారుతుంది. లాగిన్ ప్రోగ్రాము టైప్ చేసేవి తెరపై కనిపించకుండా ఆపి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పేరుతో ఖాతా లేకపోయినా పాస్‌వర్డ్ అడిగి, హ్యాష్ లెక్కను పూర్తిగా కట్టాలి. లేనిపక్షంలో జవాబు త్వరగా వచ్చిందంటే పేరు తప్పని బయటివారికి తెలిసిపోతుంది. 1979 వ్యాసం ఈ లోపాన్ని కూడా గుర్తించింది.

పాస్‌వర్డ్ సరిపోతే లాగిన్ ప్రోగ్రాము ముందుగా గ్రూపు సంఖ్యలను, ఆ తర్వాతే వినియోగదారు సంఖ్యను మార్చుకుంటుంది. ఈ క్రమం తప్పకూడదు. వినియోగదారు సంఖ్య మారిన క్షణం నుంచి రూట్ హక్కులు ఉండవు కాబట్టి ఆ తర్వాత గ్రూపులు మార్చడం వీలుకాదు. తర్వాత హోమ్ డైరెక్టరీలోకి వెళ్లి, పేరు, షెల్, ప్రోగ్రాములు వెతికే దారులు వంటి పర్యావరణ చరరాశులను నింపి, తన స్థానంలోకి షెల్‌ను తెస్తుంది. ఇది లాగిన్ షెల్ అని తెలపడానికి దానికిచ్చే పేరు ముందు ఒక అడ్డగీత చేరుస్తుంది. ఆ గీత చూసిన షెల్ వినియోగదారు సొంత ప్రారంభ ఫైళ్లను చదువుతుంది. షెల్ ముగిసినప్పుడు ఇనిట్ ఆ సంగతి గమనించి, ఆ లైను మీద కొత్త గెట్టీని నిలబెడుతుంది. ఇంత చిన్న అమరికతో లాగిన్, లాగౌట్ చక్రం పూర్తి కావడం యూనిక్స్ రూపకల్పనలో మెచ్చుకోదగ్గ విషయం.

ఇప్పటి లినక్స్‌లో ఇనిట్ స్థానంలో ఎక్కువగా సిస్టమ్‌డీ ఉంది. లాగిన్ ప్రోగ్రాము కూడా షెల్‌ను పిల్ల ప్రాసెస్‌గా పుట్టించి, సెషన్ ముగిశాక చేయాల్సిన శుభ్రత కోసం తాను వేచి ఉంటుంది. గ్రాఫికల్ తెర ఉన్నచోట గెట్టీ, లాగిన్‌ల పనిని డిస్‌ప్లే మేనేజర్ చేస్తుంది.

ధ్రువీకరణ మాడ్యూళ్లు: ప్యామ్

పాస్‌వర్డ్ పరిశీలన లాగిన్ ప్రోగ్రాములోనే రాసి ఉంటే, కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా లాగిన్, ఎఫ్‌టీపీ, స్క్రీన్ లాక్ అన్నిటినీ తిరగరాయాలి. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ ప్రతిపాదించిన ప్యామ్ ఈ పనిని విడి మాడ్యూళ్లకు అప్పగించింది. ప్యామ్‌లో నాలుగు విభాగాలున్నాయి. ధ్రువీకరణ, ఖాతా చెల్లుబాటు, పాస్‌వర్డ్ మార్పు, సెషన్ నిర్వహణ. తప్పనిసరి అని గుర్తు పెట్టిన మాడ్యూలు విఫలమైనా మిగిలిన మాడ్యూళ్లు నడుస్తాయి, చివరికే తిరస్కారం వస్తుంది. ఏ దశలో ఆగిందో బయటివారికి తెలియకూడదన్నది ఉద్దేశం.

దూరం నుంచి లాగిన్

దూరంలోని యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడిన టెల్‌నెట్, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ తొలినాళ్లలో, 1969లో మొదలైంది. 1983లో బెర్క్‌లీ యూనిక్స్ 4.2తో ఆర్‌లాగిన్ వచ్చింది. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ తంతి మీద ఉన్నది ఉన్నట్టే ప్రయాణించేది. ఆర్‌లాగిన్ అవతలి యంత్రం చిరునామాను నమ్మి పాస్‌వర్డ్ అడగకుండానే రానిచ్చేది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను దొంగిలించిన ఘటన తర్వాత, అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను రాశారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం విడుదల చేసిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది. ఎస్ఎస్‌హెచ్‌కు కేటాయించిన పోర్టు 22.

ఎస్ఎస్‌హెచ్‌లో ముందు సర్వర్ తన గుర్తింపును రుజువు చేసుకుంటుంది, వినియోగదారు వంతు ఆ తర్వాత వస్తుంది. మొదటిసారి కలిసిన సర్వర్ తాళంచెవి ముద్రను క్లయింట్ గుర్తుపెట్టుకుని, తర్వాత ఎప్పుడైనా అది మారితే హెచ్చరిస్తుంది. చాలామంది చదవకుండానే అవునని కొట్టేసే ఆ మొదటి ప్రశ్నే ఈ రక్షణకంతటికీ పునాది. ఇరువైపులా రహస్య మార్గం ఏర్పడ్డాక వినియోగదారు పాస్‌వర్డ్‌తో గానీ, తాళంచెవుల జతతో గానీ లోపలికి వస్తారు. జతలో బహిరంగ భాగం సర్వర్‌లో ఉంటుంది. రహస్య భాగం వినియోగదారు యంత్రాన్ని దాటి రాదు. ఆ సెషన్‌కే చెందిన గుర్తుపై రహస్య భాగంతో సంతకం చేసి పంపుతారు. సర్వర్ దొంగల పాలైనా అక్కడ దొరికే బహిరంగ భాగంతో మరోచోట లాగిన్ కావడం కుదరదు. పాస్‌వర్డ్‌తో పోలిస్తే దీని ఆధిక్యం అక్కడే ఉంది.

అనేక యంత్రాలు, ఒకే ఖాతా

ప్రయోగశాలలో వందల యంత్రాలుంటే ప్రతిదానిలో పాస్‌వర్డ్ ఫైలు సరిచూడటం సాధ్యం కాదు. సన్ సంస్థ 1980ల మధ్యలో తెచ్చిన ఎన్ఐఎస్ ఆ ఫైలును నెట్‌వర్క్ ద్వారా పంచింది. తర్వాత దాని స్థానం ఎల్‌డాప్‌కు దక్కింది. ఇవి ఖాతా వివరాలు అందించే సేవలు. ధ్రువీకరణకు ఎంఐటీ ఎథీనా ప్రాజెక్టులో కెర్బరాస్ పుట్టింది. నీడమ్, మైకేల్ ష్రోడర్ 1978లో ప్రచురించిన పద్ధతి దానికి ఆధారం. ఇందులో పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీదికి రాదు. నమ్మకమైన కేంద్ర సర్వర్ గడువున్న టికెట్ ఇస్తుంది, దాన్ని చూపించి మిగతా సేవలకు టికెట్లు తీసుకుంటారు. గడియారాల మధ్య తేడా సాధారణంగా ఐదు నిమిషాలు మించితే టికెట్ చెల్లదు. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ కూడా కెర్బరాస్‌నే వాడుతోంది.

విండోస్ ఎన్‌టీలో లాగిన్‌కు ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కమనడానికి కారణం ఉంది. ఆ కలయికను మామూలు ప్రోగ్రామేదీ పట్టుకోలేదు. కాబట్టి ఆ తర్వాత కనిపించే తెర నిజమైన లాగిన్ తెరేనని భరోసా ఉంటుంది.

రెండో ఆధారం

పాస్‌వర్డ్ ఒక్కటే చాలనిచోట చేతిలో ఉన్న వస్తువును రెండో ఆధారంగా అడుగుతారు. ఒక్కసారికే చెల్లే పాస్‌వర్డ్‌ల గణిత పద్ధతిని లెస్లీ లాంపోర్ట్ 1981లో ప్రతిపాదించారు. ఫోన్ యాప్‌లు చూపే ఆరంకెల సంఖ్య 2011 నాటి ఆర్ఎఫ్‌సీ 6238 ప్రకారం పుడుతుంది. ఫోనూ సర్వరూ పంచుకున్న రహస్యాన్ని ప్రస్తుత సమయంతో కలిపి హ్యాష్ చేస్తాయి, సాధారణంగా 30 సెకన్లకోసారి సంఖ్య మారుతుంది. వినియోగదారు ఆ సంఖ్యను నకిలీ పేజీలో టైప్ చేస్తే అది మోసగాడి చేతికి వెళ్తుంది. 2019 మార్చిలో డబ్ల్యూ3సీ ఆమోదించిన వెబ్‌ఆథ్న్, దానిపై నిర్మించిన పాస్‌కీలు ఈ లోపాన్ని పూడ్చాయి. సైటు పేరు సంతకంలో భాగం కనుక నకిలీ సైటుకిచ్చిన సంతకం అసలు సైటులో చెల్లదు.

దాడులు, జాగ్రత్తలు

1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో వ్యాపించిన మోరిస్ పురుగు తన వెంట 432 మాటల జాబితా తెచ్చుకుని ఖాతాల పాస్‌వర్డ్‌లను ఊహించేది. అందరూ చదవగల హ్యాష్‌లే దానికి ఆధారం. దాన్ని రాసిన రాబర్ట్ టాపన్ మోరిస్ 1979 వ్యాసకర్తల్లో ఒకరైన రాబర్ట్ మోరిస్ కుమారుడు. కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ ప్రసంగంలో మరింత లోతైన ప్రమాదాన్ని చూపారు. 1984లో ముద్రితమైన ఆ ప్రసంగం ప్రకారం, కంపైలర్‌ను మార్చి, అది లాగిన్ ప్రోగ్రామును అనువదించేటప్పుడు దొంగదారి చేర్చేలా చేయవచ్చు. లాగిన్ మూల రాతను ఎంత పరిశీలించినా ఆ దారి కనిపించదు.

పాస్‌వర్డ్‌ను నిర్ణీత కాలానికోసారి మార్చాలన్న నిబంధన చాలాకాలం అన్నిచోట్లా ఉండేది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో దాన్ని వద్దంది. బలవంతంగా మార్చమంటే మనుషులు పాతదాని చివర ఒక అంకె పెంచి ఊరుకుంటారు. బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడే మార్చమనడం, పొడవైన పాస్‌వర్డ్‌లను అనుమతించడం, ఇప్పటికే బయటపడిన వాటిని నిరాకరించడం ఆ సంస్థ సిఫారసు. ఇదే సరైన విధానం.

లాగిన్ నమోదులు

ఎవరు ఎప్పుడు వచ్చారన్నది యూనిక్స్ రాసిపెడుతుంది. ఇప్పుడు లోపల ఉన్నవారి పట్టిక యుటెంప్, వచ్చిపోయినవారి చరిత్ర డబ్ల్యుటెంప్. లినక్స్‌లో విఫల ప్రయత్నాలకు బిటెంప్ ఉంది. హూ, లాస్ట్ అనే ఆదేశాలు వీటిని చదివి చూపుతాయి. లాగిన్ కాగానే తెరపై వచ్చే గత లాగిన్ తేదీ, యంత్రం పేరు కూడా ఇలాంటి నమోదుల నుంచే వస్తాయి. ఆ వరుసను చదివే అలవాటున్నవారు తమ ఖాతాలోకి మరొకరు చొరబడితే అందరికన్నా ముందు పసిగడతారు. ఈ ఫైళ్లలో కాలాన్ని రాయడానికి చాలా లినక్స్‌లలో 32 బిట్ల గడి ఉంది. అందులో 2038 జనవరి 19 తర్వాతి క్షణాలు పట్టవు కనుక కొన్ని లినక్స్ పంపిణీలు ఈ నమోదులను ఇప్పటికే కొత్త డేటాబేసుల్లోకి మారుస్తున్నాయి.